ఏ దోమో తేల్చి మందు కొట్టండి

సంపాదకులు గారికి,

వానలు పడగానే విజయనగరం వీధుల్లో ఫాగింగ్, కొండ ఊళ్లలో గోడలకు మందు పిచికారీ మామూలే. ఏ దోమ మీద కొడుతున్నారో మాత్రం జనానికి చెప్పరు.

పార్వతీపురం వైపు గెడ్డల్లాంటి పారే నీళ్లలో పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్‌నే చూడండి. కంటికి ఒకేలా కనిపించే ఈ దోమలో ఎస్, టి, యు అనే రకాలున్నాయి. ఎస్ మనిషి రక్తం కోరి మలేరియా మోస్తుంది. టి ఎక్కువగా పశువులనే కుడుతుంది.

ఇవి ఎలా విడిపోతాయి? ఒక్కోసారి క్రోమోజోమ్‌లో ముక్క తెగి, తిరగబడి అతుక్కుంటుంది. దానికీ మామూలు ముక్కకీ మధ్య జన్యువుల మార్పిడి దాదాపు ఆగిపోతుంది. దాంతో ఒక పరిసరానికి నప్పిన జన్యువులన్నీ చెదరకుండా ఒకే కట్టగా పిల్లలకు దిగుతాయి. క్రోమోజోమ్‌లో మిగతా చోట్ల మార్పిడి సాగుతూనే ఉండవచ్చు. ఆఫ్రికాలో మలేరియా మోసే అనాఫిలిస్ గాంబియే దోమ రెండు రూపాలను పోల్చి 2005లో ప్రకటించిన పరిశోధనలో జన్యు తేడాలు క్రోమోజోమ్‌ల అంతటా లేవు. ముఖ్యంగా సెంట్రోమియర్ (కణం విడిపోయేటప్పుడు క్రోమోజోమ్ జంటను కలిపి ఉంచే నొక్కు) దగ్గర, అసలే మార్పిడి తక్కువ జరిగే చోట, గుంపుగా కనిపించాయి. 2013లో ఒక రూపానికి కొలుజీ అని వేరే జాతి పేరే పెట్టారు. అయినా మందును తట్టుకునే జన్యువు గాంబియే నుంచి కొలుజీకి దాటిపోయింది! నన్ను భయపెట్టేది ఇదే.

సర్వేలో పట్టిన దోమలకు పీసీఆర్ పరీక్ష (డీఎన్ఏను బట్టి రకాన్ని తేల్చేది) చేయించాలి. ఏ ఊళ్లో ఏ రకం ఉందో, అది ఏ మందుకు చస్తోందో పంచాయతీ నోటీసు బోర్డులో పెట్టాలి. మన డిగ్రీ కాలేజీల జువాలజీ విద్యార్థులను ఈ పనిలో కలుపుకోవాలి.

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, విజయనగరం