కబుటో బొమ్మ కొనేముందు

ఒరేయ్ వాసూ,

ఏంట్రా, మొత్తానికి జపాన్ టీవీ సీరియల్ హీరో కమెన్ రైడర్ కబుటో బొమ్మ మీద పడ్డావన్నమాట! సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, తీసుకోనా అని అడిగావు. తీసుకో. కానీ అమ్మేవాడు పెట్టిన ఫొటోల్లో కబుటో గాల్లోకి తన్నుతున్నాడనీ, వేలెత్తి ఆకాశాన్ని చూపిస్తున్నాడనీ చూసి మురిసిపోకు. చేతులు రెండూ కిందికి వదిలేసి ఊరికే నిలబడ్డ ఫొటో అడుగు. ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. పోజు పెడితే ఏ బొమ్మయినా బాగానే కనిపిస్తుంది. మామూలుగా నిలబెట్టినప్పుడే దాని బండారం బయటపడుతుంది.

నువ్వు చెప్పింది బందాయ్ అనే జపాన్ బొమ్మల కంపెనీ వాళ్ల ఎస్.హెచ్. ఫిగువార్ట్స్ అనే కీళ్ల బొమ్మల వరసలో ‘షిన్‌కొచ్చో సెయిహో’ (అసలు ఎముకల్లోంచి చెక్కే పద్ధతి అని అర్థం) రకం కదా. ఫిగువార్ట్స్ 2008 నుంచీ వస్తున్నాయి. ఈ రకం మాత్రం 2014లో కబుటోతోనే మొదలైంది. ఇందులో సంగతేంటంటే, ముందు సూటు లోపల ఉన్న మనిషి ఒళ్లు ఎలా ఉంటుంది, కీళ్లు ఎక్కడెక్కడ పడతాయి అని చూసుకుని, దానిమీద సూటు తొడిగినట్టు బొమ్మ చెక్కుతారు. 2006లో వచ్చిన సీరియల్లో ఆ సూటు వేసుకున్నది తకాయివా సెయిజీ. ఆయన నిలబడే తీరు బొమ్మలోకి రాకపోతే ఆ పేరుకు అర్థమే లేదు. కాబట్టి పక్కనుంచి తీసిన ఫొటోలో భుజం, నడుం, చీలమండ ఒకదాని కింద ఒకటి వస్తున్నాయో లేదో చూడు. నడుం దగ్గర వెనక్కి ఒరిగిపోయినట్టుంటే తొడ కీలు వదులైందని అర్థం.

బొమ్మ ఎత్తు సుమారు పద్నాలుగున్నర సెంటీమీటర్లు. అంత చిన్నదాంట్లో ముందు చూడాల్సింది కళ్లు. నీలం రంగు పారదర్శక ప్లాస్టిక్ కింద సన్నటి గళ్లు కనిపించాలి. ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే లోపల వెలుగు కదిలినట్టుంటుంది. డూప్లికేట్ సరుకులో కళ్లు మసక నీలం ముద్దలా ఉంటాయి. తర్వాత ఎర్ర కవచం. ఆ మెటాలిక్ ఎరుపు అన్ని పలకల మీదా ఒకేలా ఉండాలి. భుజం ఒక ఎరుపు, ఛాతీ ఒక ఎరుపు అయితే అనుమానించు. వెండి గీతలు నల్ల సూటు మీదికి అంటాయేమో బెల్టు చుట్టూ చూడు. ఎక్కువ తప్పులు దొరికేది అక్కడే. కాళ్ల వెనక అచ్చు అతుకు గీత సన్నగా కనిపిస్తే పట్టించుకోకు, అసలు సరుకులోనూ ఉంటుంది. గోటికి గరుగ్గా తగిలితేనే లోపం. నెత్తిమీది కొమ్ము మాత్రం దగ్గరనుంచి చూడు. కొన వంగి ఉంటే భయంలేదు. మెత్తటి ప్లాస్టిక్ అయితే వేడినీళ్లలో అర నిమిషం ముంచి, వేలితో సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో పెడితే నిలబడుతుంది. కొమ్ము మొదలు దగ్గర తెల్లగా పాలిపోయిన గీత ఉంటే అక్కడ విరగబోతోందని లెక్క, వదిలెయ్.

బొమ్మ చేతికొచ్చాక కీళ్ల పని. ఇక్కడ తొందరపడకు. పైనుంచి కిందికి ఒక్కోటీ నెమ్మదిగా కదుపు. మోచేతికీ మోకాలికీ రెండేసి మడతలుంటాయి. మోకాలు పూర్తిగా మడిస్తే మడమ తొడ దాకా రావాలి. ఏదైనా కదలకపోతే బలవంతం చెయ్యకు. చాలాసార్లు పెయింటు ఆరేటప్పుడు కీలు అతుక్కుపోయి ఉంటుంది, అప్పుడు తిప్పితే లోపలి పుల్ల మెలితిరిగి తెగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చూపించి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదుపు. మణికట్టు పుల్లలు మరీ సన్నం. చేతులు మార్చేటప్పుడు వేళ్లు పట్టుకుని లాగకు, మణికట్టు దగ్గర పట్టుకుని నిటారుగా లాగు. మార్చుకునే చేతులన్నీ ఉన్నాయో లేదో పెట్టె వెనక ఉన్న ఫొటోతో పోల్చి చూసుకో. వేలెత్తి చూపించే చెయ్యి లేకపోతే ఇక కబుటో ఎందుకురా!

ఆఖరి పరీక్ష ఒంటికాలి మీద నిలబెట్టడం. కబుటో రైడర్ కిక్ అంటే తిరిగి తన్నే తన్ను, బరువంతా ఒక్క పాదం మీదే పడుతుంది. చీలమండ పక్కకి వంగినా అరికాలు నేలకి పూర్తిగా ఆనాలి. అయిదు నిమిషాల్లో మెల్లగా ఒరిగిపోతే కీలు వదులు. అప్పుడు కీలు లోపలి గుండ్రటి బాల్ మీద నీళ్లలో కలిసే యాక్రిలిక్ వార్నిష్ పల్చగా పూసి, పూర్తిగా ఆరనిచ్చి బిగించు. నెయిల్ పాలిష్ వాడమని ఎవరైనా చెబితే వినకు. దాంట్లోని ద్రావకం ఏబీఎస్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. సూపర్ గ్లూ అయితే చుట్టూ తెల్లటి పొగలా మచ్చ వదులుతుంది.

పాత సరుకు కాబట్టి ఇంకోటి. ఒళ్లు జిడ్డుగా తగిలితే కంగారు పడకు. పీవీసీలో మెత్తదనం కోసం కలిపే నూనెలాంటిది బయటికొచ్చిందన్నమాట. గిన్నెల సోపు రెండు చుక్కలు వేసిన గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. స్పిరిట్ తగలనివ్వకు, రంగు లేస్తుంది. అన్నట్టు, మీ బెజవాడ ఎండలకి దాన్ని మూసిన ప్లాస్టిక్ ట్రేలోనే ఏళ్ల తరబడి ఉంచితే ఆ జిడ్డు ట్రేకి అంటి, రంగు కూడా లాగేస్తుంది. గాజు బీరువాలో, కిటికీకి దూరంగా పెట్టు.

పెట్టె మీద ఆ సీరియల్ తీసిన తోయెయ్ కంపెనీ అనుమతి స్టిక్కర్ ఉందేమో చూడు. అది ఒక్కటీ ఉంటే చాలనుకోకు, స్టిక్కర్లనీ కాపీ కొడతారు. ధర మరీ చవకగా ఉండి, జపాన్ అక్షరాలు మసకగా అచ్చయి, తెరవగానే కిరోసిన్ లాంటి ఘాటు వాసన వస్తే ఇక ఆలోచించేదేం లేదు. జపాన్ దుకాణాల్లో అయితే బొమ్మకీ పెట్టెకీ వేరువేరు గ్రేడు ఇస్తుంటారు. పెట్టె నలిగినందుకు ధర తగ్గించిందైతే నీలాంటివాడికి అదే లాభం, నువ్వెలాగూ పెట్టెలో దాచుకోవు కదా. బొమ్మ గ్రేడు తగ్గితే మాత్రం కారణం రాసి ఉందేమో చదువు. కీళ్లు వదులు అని ఉంటే పర్లేదు, భాగాలు తక్కువ అని ఉంటే వద్దు.

డబ్బు పంపేముందు ఆ పక్కనుంచి తీసిన ఫొటో నాకొకసారి పంపు. పెట్టె వచ్చాక సీలు కోసే దగ్గర్నుంచీ వీడియో తియ్యి, ఆపకుండా. కొమ్ము విరిగొస్తే అమ్మేవాడితో మాట్లాడ్డానికి అదొక్కటే నీ చేతిలో ఉంటుంది.

ఉంటాన్రా,
నీ శ్రీను