పదో నంబరు అంటే పెద్ద తుఫాననేనా?

సంపాదకులకు నమస్కారం.

బంగాళాఖాతంలో వాయుగుండం పడితే చాలు, మీ పత్రికలో 'విశాఖ పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక' అని వస్తుంది. ఆ నంబరుకు అర్థమేమిటో మాత్రం కింద రాయరు. చదివేవాళ్లు దాన్ని పరీక్ష మార్కుల్లా చూస్తున్నారు. ఎనిమిదయితే ఫర్వాలేదు, పదయితే హడలిపోవాలి అన్నట్టు. ఓడరేవు సిగ్నళ్లు అలా కట్టినవి కావు.

ఒకటి, రెండు నంబర్లు వాయుగుండమో తుఫానో దూరాన సముద్రంలో ఉన్నప్పుడు. మూడు, నాలుగు రేవుకే గాలివాన ముప్పు ఉన్నప్పుడు. ఐదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. ఈ రెండు గుంపుల్లోనూ మూడేసి నంబర్లు చెప్పేది బలం కాదు, దారి. ఎనిమిది అంటే తీవ్ర తుఫాను దారికి మన రేవు ఎడమ పక్కన ఉంటుందని. తొమ్మిది అంటే కుడి పక్కన. పది అంటే సరిగ్గా రేవు మీదుగానో, ఆనుకునో పోతుందని. పదకొండు ఎగరేశారంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయన్నమాట.

కుడి ఎడమల్లో ఏముంది అనుకోవద్దు. మన వైపు తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. సముద్రానికి వీపు పెట్టి నిలబడండి. తీరం మీదికి వాయవ్యంగా వచ్చే తుఫాను ముఖం కూడా అటే. కుడిచేతి వైపు భీమిలి, శ్రీకాకుళం. ఎడమచేతి వైపు అనకాపల్లి, కాకినాడ. కుడి పక్కన గాలి సముద్రం మీంచి నేల మీదికి కొడుతుంది, పైగా తుఫాను నడక వేగం దానికి కలుస్తుంది. ఎడమ పక్కన నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, నడక వేగం తగ్గిపోతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. రెండుసార్లూ విశాఖ ఎడమ పక్కనే ఉంది. తిత్లీకి ఉద్దానం కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి, ఇక్కడ మాత్రం ఆ దెబ్బ తగల్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఊరి మీదికే వచ్చింది.

హుద్‌హుద్ ఐదారు రోజుల్లో పెరిగిన తీరు చూస్తే తుఫాను బతుకంతా అర్థమవుతుంది. అక్టోబరు 7న ఉత్తర అండమాన్ సముద్రంలో వాయుగుండం. 8న తుఫానుగా అండమాన్ దీవులు దాటింది. 10న అతి తీవ్ర తుఫాను. 12న మధ్యాహ్నం విశాఖ దగ్గర తీరం దాటేటప్పుడు గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల గాలి. దీనికి తిండి వేడి నీళ్లే. సముద్రం పైపైన వేడెక్కితే చాలదు, సుమారు 50 మీటర్ల లోతు దాకా 26.5 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. ఆ ఆవిరి పైకెళ్లి మేఘమయ్యేటప్పుడు వదిలే వేడితో మధ్యలో పీడనం పడిపోతుంది, ఆ లోటు పూడ్చడానికి చుట్టూ గాలి పరుగెత్తుకొస్తుంది. పై గాలులు, కింది గాలులు వేరువేరు వేగాలతో వీస్తే ఈ మేఘాల స్తంభం కోసుకుపోతుంది. జులై, ఆగస్టుల్లో నీళ్లు వేడిగానే ఉన్నా పెద్ద తుఫానులు కట్టకపోవడానికి అదే కారణం. హరికేన్, టైఫూన్ అన్నా ఇదే, సముద్రం మారితే పేరు మారుతుంది. కాకపోతే అమెరికా వాళ్లు ఒక నిమిషం సగటు గాలి లెక్కిస్తారు, మన వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు. రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి 'అంతకంటే పెద్దది' అని శీర్షిక పెట్టడం తగదు.

అంతకంటే చేటు చేసే శీర్షిక 'తీరం దాటింది'. దాటింది కేంద్రం మాత్రమే, వెనక సగం ఇంకా సముద్రం మీదే ఉంటుంది. తుఫాను కన్ను, అంటే నడిమధ్య గాలి లేని భాగం, ఊరి మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఆకాశం కాస్త తెరిపిస్తుంది. జనం పడిపోయిన రేకులు ఏరుకోవడానికి బయటికొస్తారు. కాసేపటికి దక్షిణం, నైరుతి నుంచి గాలి మళ్లీ విరుచుకుపడుతుంది. పొద్దున ఈశాన్యం గాలికి ఒక వైపు వంగి, వేరు కదిలి నిలబడ్డ చెట్టు రెండో వైపు తోపుకు పడిపోతుంది. కరెంటు, సెల్ సిగ్నల్ పోయాక కేంద్రం ఎటు పోతోందో తెలుసుకోవడానికి గాలి దిశే దిక్కు. ఈశాన్యం గాలి తూర్పుకు, ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మనకు దక్షిణంగా పోతోంది. వాయవ్యానికి, పడమరకు తిరిగితే ఉత్తరంగా. దిశ మారకుండా బలం పెరుగుతుంటే మన మీదికే వస్తోంది.

విశాఖకు ఉప్పెన కంటే గాలే పెద్ద శత్రువు. 1977 నవంబరు 19న దివిసీమ మునిగిందంటే అక్కడ సముద్రం లోతు తక్కువ, నేల పల్లం. మన దగ్గర తీరం నుంచి త్వరగా లోతు దిగిపోతుంది. హుద్‌హుద్‌కు ఇక్కడ నమోదైన ఉప్పెన సుమారు 1.4 మీటర్లు.

గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. 90 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 38 కిలోల తోపు ఇస్తే, 180 కిలోమీటర్ల గాలి 150 కిలోలు ఇస్తుంది. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తున్న కిటికీ మీద అది 270 కిలోలు దాటుతుంది. అల్యూమినియం స్లైడింగ్ తలుపులు పట్టాల్లోంచి ఊడి రావడం అందుకే. అద్దానికి అడ్డంగా టేపు అంటిస్తే బలం రాదు, బయటి నుంచి ప్లైవుడ్ బిగించాలి. గాలికి ఎదురుగా ఉన్న కిటికీ పగిలిందంటే లోపలి గాలి పైకప్పును కింది నుంచి ఎత్తుతుంది. రేకుల ఇంట్లో ముందు లేచేవి అంచులు, మూలలు. మధ్యలో కంటే అక్కడ హుక్కులు దగ్గరదగ్గరగా ఉండాలి, వాటి కింద వెడల్పాటి వాషర్లు వేయాలి. లేకపోతే హుక్కు ఉన్నచోటే ఉంటుంది, రేకు చిరిగి పోతుంది. తుప్పు పట్టిన నట్లు సెప్టెంబరులోనే మార్చుకోవాలి. మేడ మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే ఎగిరిపోతుంది, నింపితే టన్ను బరువు. ఆ నీళ్లు తర్వాతా పనికొస్తాయి, ఎందుకంటే కరెంటు పోతే మోటార్లు తిరగవు. ఇంకొక మాట. జనరేటరును, బయటి లైనును తెంచే చేంజోవర్ స్విచ్ లేకుండా, ఇంటి వైరింగుకు కలిపితే, ఆ కరెంటు బయటి తీగల్లోకి పారి, లైను బాగు చేయడానికి స్తంభం ఎక్కిన మనిషిని చంపుతుంది.

ప్రమాణాల్లో లోపం లేదు. భవనాల గాలి కోడు ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు అని రాసే ఉంది. 2015 సవరణలో ఆసుపత్రుల వంటి వాటికి ఇంకో 30 శాతం కలిపారు. స్తంభాలు, శ్లాబుల లెక్క దాని ప్రకారం కట్టే ఇంజినీరు, ముందు తొడిగే అద్దాల ముఖానికీ పైన నిలిపే హోర్డింగుకూ ఆ లెక్క అడగడు.

నేల ఎక్కాక తిండి లేక తుఫాను సన్నగిల్లుతుంది, నీళ్లు మాత్రం మోసుకుపోతూనే ఉంటుంది. హుద్‌హుద్ మిగులు రెండు రోజుల్లో నేపాల్ చేరి, అన్నపూర్ణ కొండల్లో మంచుతుఫానై కొండలెక్కేవాళ్లను పొట్టన పెట్టుకుంది. మనకు దగ్గరి సంగతి నదులది. వంశధార, నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి వస్తాయి. అక్కడి వాన మన ఏట్లోకి దిగేసరికి ఇక్కడ ఎండ కాస్తూ ఉండొచ్చు. కాబట్టి తీరం దాటిన మర్నాడు విరిగిన చెట్ల ఫొటోలతో పాటు వంశధార మీది గొట్టా బ్యారేజీ, నాగావళి మీది తోటపల్లి బ్యారేజీల నీటిమట్టాలూ వేయండి. అంతకు ముందు రోజుల్లో సిగ్నల్ నంబరు పక్కన రెండే రెండు ముక్కలు: విశాఖ దారికి ఏ పక్కన ఉంది, గాలి ఎటు నుంచి మొదలై ఎటు తిరగొచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం