నాలుగంతల లెక్క

దేవరకొండ,
శనివారం రాత్రి

ఒరేయ్ దోస్తూ,

వందనాలు. మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. షాపులో గిరాకీ ఉంది, పైగా నీ గొంతు కూడా అదోలా ఉంది. "మావోడు చెప్పిన మాట వింటలేడురా. మీ ఇంట్ల ప్రార్థన, వాక్యం అన్నీ ఉంటయి గదా, పిల్లల్ని ఎట్ల పెంచుతున్నవ్?" అన్నావు. పోయి పోయి నన్ను అడిగావు చూడు! ఈ ఉత్తరం చదివాక మళ్ళీ అడగవులే.

ముందు మా ఇంటి ప్రార్థన సంగతి విను. రాత్రి ఎనిమిదిన్నరకు షట్టర్ దించి ఇంటికొస్తాను. మీ చెల్లె చాప పరిచి ఉంచుతుంది. చిన్నోడు అప్పటికే గోడకు ఆనుకుని సగం నిద్రలో ఉంటాడు. నా ప్రార్థన కొంచెం పొడుగు, నీకు తెలుసు. దేశం, వానలు, పత్తి ధర, అయ్యగారి మోకాలి నొప్పి అన్నీ చుట్టి వచ్చేలోపు వాడు మధ్యలోనే "ఆమేన్" అనేస్తాడు. మొదట్లో తొడపాశం పెట్టేవాణ్ణి. ఇప్పుడు నేనే తగ్గించుకున్నాను.

పెద్దదానికైతే వచనానికో చాక్లెట్ అని ఆశ పెట్టాను. 23వ కీర్తన రెండు రోజుల్లో గడగడా అప్పజెప్పింది. ఆరు వచనాలు, ఆరు చాక్లెట్లు. తమ్ముడికి ఒక్కటివ్వమంటే "వాణ్ణి కూడ నేర్చుకోమను" అంది. నోట్లో 'నాకు లేమి కలుగదు', గుప్పిట్లో ఆరు చాక్లెట్లు! ఆ స్కీము ఆ రోజే బంద్ చేశాను.

అదే పిల్ల ఇంకోటి చేసింది, అది చెప్పాలి. మా అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసేది, గుర్తుందా? ఆదివారం మందిరానికి తీసుకుపోయేది. ఆమెకది మా నాయనమ్మ నుంచి వచ్చింది. 1899లో నిజాం రాజ్యానికి వచ్చిన మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి అంటూ బంగళాలు, బడులు పెట్టుకుంటూ పోయారు కదా, అలాంటి ఒక బడిలో నాయనమ్మ రెండేళ్ళు చదివింది. అక్షరాలు మర్చిపోయింది గానీ పిడికెడు మర్చిపోలేదు. మీ చెల్లె కూడా అదే పట్టుకుంది. మొన్న ఆమె జ్వరంతో పడుకుంటే పెద్దదే కుక్కర్ పెట్టింది. బియ్యం కడిగాక గుర్తొచ్చిందట, ఆ తడి బియ్యమే పిడికెడు తీసి డబ్బాలో వేసింది. ఆదివారానికి డబ్బా అంతా బూజు. ఎవ్వరం ఒక్క మాట అనలేదు. ఎట్లా అంటాం చెప్పు? దానికి ఆ పిడికెడు సంగతి మాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది లేదు.

ఇక నా ఘనకార్యం.

పత్తి ఏరే రోజులు కదా, సాయంత్రం అయితే షాపు ముందు జనమే జనం. తండా నుంచి వచ్చే ఒక అక్క నూట నలభై రూపాయల సామాన్లు తీసుకుని ఐదొందల నోటు ఇచ్చింది. నేను రెండొందలనుకుని అరవై చేతిలో పెట్టాను. రాత్రి గల్లా లెక్కపెడితే మూడొందలు ఎక్కువ. చిన్నోడు పక్కనే చిల్లర పేరుస్తున్నాడు. "ఎవలివి నాన్నా?" అంటే "తండా అక్కవి, రేపు వస్తే ఇద్దాం" అన్నాను. మర్నాడు ఆమె రానే వచ్చింది. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ అనలేదు. 'వస్తే ఇద్దాం' అన్నది 'అడిగితే ఇద్దాం' అయిపోయింది, అంతే. దొంగతనం చేస్తున్నానని ఒక్క క్షణం కూడా అనిపించలేదురా, అదే విచిత్రం.

నాలుగు రోజులకు ప్రార్థనలో లూకా సువార్త 19వ అధ్యాయం వచ్చింది, సుంకాలు వసూలు చేసే జక్కయ్య కథ. నాకిష్టమైనది. పొట్టివాడు మేడిచెట్టు ఎక్కడం, యేసు పేరుపెట్టి దిగమనడం అన్నీ చేతులూపుతూ చెప్పాను. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు జక్కయ్య. అప్పటిదాకా తూగుతున్న చిన్నోడు కళ్ళు తెరిచి, "నాన్నా, మూడొందలకు నాలుగంతలంటే ఎంత?" అన్నాడు.

"పన్నెండొందలు" అంది పెద్దది టక్కున.

"ఏ మూడొందలు?" అంది మీ చెల్లె.

నేనేం చేశానో తెలుసా? "నోరు మూసుకొని పడుకో పో" అని గద్దించాను. ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో 'పిల్లలారా, విధేయులై యుండుడి' అన్నది మనందరికీ కంఠతా వచ్చు. నాలుగో వచనంలో తండ్రులు పిల్లలకు కోపం రేపకూడదని ఉంది, అక్కడికి వచ్చేసరికి మనకు గొంతు పెగలదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాడు మాత్రం హాయిగా పడుకున్నాడు.

పొద్దున్నే ఖాతా పుస్తకం తీశాను. ఆ అక్క ఉద్దెర తొమ్మిదొందల నలభై ఉంది. తొమ్మిదొందలు కొట్టేసి, మూడొందలు జేబులో పెట్టుకుని, చిన్నోణ్ణి బండి మీద కూర్చోబెట్టుకుని తండాకు పోయాను. ఇంటి ముందు ఆమె అంట్లు తోముతోంది. చెప్పాను. డబ్బులు తీసుకోకుండా నా ముఖం చూస్తూ నిలబడింది. తర్వాత లోపలికి తిరిగి, "అయ్యో, పైసలు ఇదే పడగొట్టిందని దీన్ని కొట్టిన గదా సేటూ" అంది. గడపలో ఒక పిల్ల నిలబడి ఉంది. మావాడి ఈడే. సామాన్ల సంచి ఆ రోజు ఆ పిల్లే మోసుకుపోయిందట.

ఆ పిల్లకు కూడా "నాదే తప్పు బిడ్డా" అన్నాను. అది తలుపు వెనక్కి పోయింది.

వచ్చేటప్పుడు సగం దూరం వాడు మాట్లాడలేదు. తర్వాత "నలభై ఎందుకు ఉంచినవ్?" అన్నాడు. లెక్క ప్రకారం పన్నెండొందలు సరిపోయింది కదరా అన్నాను. ఇంకాసేపాగి, "మరి ఆ పిల్లకు పడ్డ దెబ్బలకు నాలుగంతలంటే ఎట్ల?" అన్నాడు. నేను గేరు మార్చి బండి పోనిచ్చాను.

ఇదీ మా ఇంటి సంగతి. క్రిస్మస్‌కు మీవాణ్ణి తీసుకుని రా, మీ చెల్లె అప్పటికి అరిసెలు చేస్తానంటోంది. రెండు రోజులు వాణ్ణి షాపులో నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. రాత్రి గల్లా లెక్క మాత్రం వాడు పడుకున్నాకే చేసుకుంటా.

ఇట్లు
నీ దోస్తు