టవర్ స్పీకర్ల కాళ్ల విషయంలో మా పద్ధతి మార్చుకున్నాం

మా దుకాణంలో టవర్ స్పీకర్లు కొన్న ఖాతాదారులందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీ ఇంటికి వచ్చి స్పీకర్లు అమర్చేటప్పుడు, పెట్టెలో వచ్చిన ఉక్కు స్పైకులనే, అంటే మొనదేలిన కాళ్లనే, అడుగున బిగించి వచ్చేవాళ్లం తప్ప, కింద ఉన్న నేల ఎలాంటిదో పట్టించుకోలేదు. గత నెల విజయవాడలో ఒక ఖాతాదారు హాల్లో స్పైకు మొన కింద విట్రిఫైడ్ టైలు చిట్లింది. నాణెంతో తట్టి చూస్తే అడుగున సిమెంటు సరిగ్గా పట్టక గుల్లగా మోగింది. అయినా తప్పు మాదే, ఎందుకంటే ఆ తట్టి చూడటమేదో బిగించక ముందే చేయవలసింది. టైలును మా ఖర్చుతో మార్పించాం.

25 కిలోల స్పీకరు నాలుగు స్పైకుల మీద నిలబడితే ఒక్కో మొన మీద 6 కిలోలకు పైగా బరువు పడుతుంది, అదీ ఆవగింజంత చోటులో. మందపాటి కార్పెట్ ఉంటే ఆ మొన పోగుల మధ్య నుంచి దిగి గట్టి నేలను అందుకుంటుంది కాబట్టి స్పీకరు ఊగదు, స్పైకుకు అసలు పని అక్కడే ఉంది. మన ఇళ్లలో టైల్సు, గ్రానైటు, తాండూరు బండలే ఎక్కువ, వాటికి రబ్బరు బుష్‌లు, అంటే మొన లేని మెత్తని కాళ్లు, చాలు. అయితే కొన్ని రకాల రబ్బరు ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే లేతరంగు మార్బుల్ మీద మరక వదులుతుంది కనుక, అక్కడ బుష్ కింద ఫెల్టు ముక్క అంటిస్తాం.

స్పైకులు వేస్తే బాస్ (డ్రమ్ములాంటి లోతైన శబ్దం) సాగకుండా బిగుతుగా వస్తుందని మేమే చాలామందికి చెప్పాం. స్లాబు మీది టైల్సుపై ఆ తేడా మా చెవికి చాలా స్వల్పంగానే తెలిసింది, స్పీకరును వెనక గోడకు ఒక అడుగు దూరం జరిపితే వచ్చే మార్పు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అమెరికాలో ఉన్న పిల్లల ఇళ్ల కోసం అడిగేవారికి ఒక మాట: చెక్క దూలాల మీద వేసిన మేడ గదుల్లో నేల కూడా స్పీకరుతో పాటు కంపిస్తుంది కాబట్టి, అక్కడ మెత్తని ప్యాడ్లనే ముందుగా ప్రయత్నించమనండి.

ఇకపై నేలను చూశాకే కాళ్లు బిగిస్తాం, పైన రసమట్టం పెట్టి, నాలుగు కాళ్లూ నేలను ఆనేలా తిప్పి, అవి మళ్లీ వదులవకుండా లాక్ నట్ బిగిస్తాం. ఇప్పటికే స్పైకులు వేయించుకున్నవారు మాకు నేల ఫొటో పంపితే, వచ్చి ఉచితంగా బుష్‌లు మారుస్తాం. అప్పటివరకు స్పీకరును పక్కకు ఈడ్వకండి, జరపాల్సి వస్తే ఇద్దరు కలిసి పైకెత్తండి.