మీ కూలింగ్ బాక్స్ ఫ్యాన్ గురించి, అంతకంటే ముఖ్యంగా మీ కస్టమర్ కేర్ గురించి

కస్టమర్ సర్వీస్ ప్రధాన అధికారి గారికి,

విషయం: మీ వాళ్లు తెరిచి చూడకుండానే "పరిష్కారమైంది" అని మూసేసిన నా ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

ఈ ఉత్తరం మనిషి చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. మీ వెబ్‌సైట్‌లో మూలన కూర్చుని పలకరించే చాట్‌బాట్‌కి "ఫ్యాన్ సరిగ్గా తిరగడం లేదు" అని చెబితే, అది నాకు సీలింగ్ ఫ్యాన్ల పేజీ చూపించింది. పైగా ఏ రంగు కావాలని అడిగింది. దానితో నాకు పేచీ లేదు, అది యంత్రం. మనుషుల దగ్గర కూడా అదే జవాబు వచ్చింది, బాధంతా అదే.

పాడైంది మీరు అమ్మిన చిన్న కూలింగ్ బాక్స్. వెనకవైపు వేడిని బయటికి ఊదే బుల్లి ఫ్యాన్ మొదట గరగరమని శబ్దం చేసింది, తర్వాత ఆగి ఆగి తిరిగింది, చివరికి పూర్తిగా ఆగిపోయింది. వస్తువన్నాక పాడవుతుంది. ఆ ఒక్క ఫ్యాన్ పంపిస్తే నేనే బిగించుకుంటాను అని మొదటి ఫోన్‌లోనే చెప్పాను. అప్పుడే పంపి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

శబ్దం మొదలైనప్పుడే ఫోన్ చేశానని ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాను. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని పాట వినిపించి వినిపించి, చివరికి ఒకాయన లైన్‌లోకి వచ్చారు. మోడల్ నంబర్ అడిగారు, చెప్పాను. కొన్న తేదీ అడిగారు, చెప్పాను. స్విచ్ ఆపి మళ్లీ వేయమన్నారు, వేశాను. ఫోన్ బాక్స్ దగ్గర పెట్టి ఆ గరగర కూడా వినిపించాను. "శబ్దం నార్మల్ సార్, వాడుతూ ఉండండి" అని తేల్చేశారు. సరే, కంపెనీ వాళ్లే చెప్పారు కదా అని వాడుతూ ఉన్నాను.

రెండోసారి మాట్లాడిన అమ్మాయి బాక్స్‌ని దేనికి వాడుతున్నారని అడిగింది. ఉప్పునీటి ఆక్వేరియంలో చేపలకు ఆటోమేటిక్‌గా మేత వేసే ఫీడర్ తయారు చేసుకున్నాను, అందులో వాడుతున్నాను అన్నాను. "సార్, చేపల్ని ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతాయి కదా?" అంది. చేపలు కాదమ్మా, చేపల మేత అన్నాను. "మేత డబ్బాలో వస్తుంది కదా సార్, దానికి ఫ్రిజ్ ఎందుకు?" అంది.

ఎందుకో ఓపిగ్గా చెప్పాను. నా ట్యాంక్‌లో ఉన్నవి ఆంథియాస్. పగడాల దిబ్బల దగ్గర నీటి ప్రవాహంలో కొట్టుకొచ్చే బుల్లి బుల్లి ప్రాణుల్ని పగలంతా ఏరుకుంటూ బతికే జాతి. వాటికి రోజుకోసారి ఇంత వేసి ఊరుకుంటే కుదరదు, కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టాలి. పొడి మేతను చాలా వరకు ముట్టవు. గడ్డకట్టిన మైసిస్ రొయ్యల్ని కరిగించి పెట్టాలి. కరిగిన మైసిస్ బయట ఉంటే ఎంతోసేపు నిలవదు, కుళ్లిపోతుంది. అందుకే మీ బాక్స్‌లో ఒక సీసా పెట్టి, మేతను ఉప్పునీళ్లలో కలిపి, అది అడుక్కి దిగిపోకుండా అయస్కాంతంతో తిప్పుతూ కలిపే మాగ్నెటిక్ స్టిరర్ పెట్టి, గొట్టాన్ని నొక్కుతూ ద్రవాన్ని ముందుకు తోసే పెరిస్టాల్టిక్ పంపుని టైమర్‌తో నడిచేలా బిగించాను. మేత వేశాక ఆ పంపు కాసేపు వెనక్కి తిరిగి, గొట్టంలో మిగిలిన దాన్ని మళ్లీ సీసాలోకి లాగేస్తుంది. లేకపోతే బాక్స్ బయట ఉన్న గొట్టంలోనే మేత మురిగిపోతుంది. ఆ ఒక్క ఏర్పాటు కుదరడానికి నేను ఎన్ని రాత్రులు మేలుకున్నానో చెబితే మీకు నవ్వొస్తుంది.

అంతా విని ఆ అమ్మాయి అడిగింది: "ఓకే సార్, మీ ప్రాబ్లమ్ ఏంటి?" రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందంటే ఏం చెప్పాలి?

ఇంతలో ఫ్యాన్ ఆగనే ఆగింది. ఆ సమయంలో నేను ఇంట్లో లేను. ఇలాంటి బాక్సుల్లో చల్లబరిచేది పెల్టియర్ బిళ్ల, కరెంటు ఇస్తే అది ఒకవైపు చల్లబడుతూ రెండోవైపు వేడెక్కుతుంది. ఆ వేడి బయటికి పోకపోతే తిరిగి చల్లని వైపుకే వస్తుంది. పెల్టియర్ అనే ఫ్రెంచ్ ఆయన ఈ చల్లదనం, వేడి సంగతి 1834లోనే గమనించారు. మీ సర్వీస్ సెంటర్‌కి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. నేను వచ్చి మూత తీసేసరికి బాక్స్ లోపల గదిలోకంటే వేడిగా ఉంది. సీసాలో బూడిద రంగు చిక్కటి ద్రవం, పైన నురగ, ముక్కు పగిలే వాసన. పంపు మాత్రం తన పని తాను శ్రద్ధగా చేసింది, వేళ తప్పకుండా ఆ కుళ్లునే ట్యాంక్‌లోకి పోసింది. చేపలకు విషమైన అమ్మోనియా నీళ్లలో ఉందేమో చూసే టెస్ట్, పసుపుగా ఉండాల్సింది ఆకుపచ్చగా తిరిగింది. చేపలు నీటి పైకొచ్చి రొప్పుతున్నాయి. ఒక ఆడ ఆంథియాస్ చనిపోయింది.

ఈ సంగతి చెబితే మీ సూపర్‌వైజర్ గారిచ్చిన సలహా: "నీళ్లు మార్చేయండి సార్." ఉప్పునీటి ట్యాంక్‌లో నీళ్లు మార్చడమంటే కుళాయి తిప్పడం కాదు స్వామీ. లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలపాలి, అది పూర్తిగా కరిగేదాకా తిప్పాలి, వేడి, ఉప్పదనం రెండూ ట్యాంక్‌తో సరిచూడాలి. అదంతా ఆ రాత్రే చేశాను, ఆయన చెప్పారని కాదు.

తర్వాత మీ టెక్నీషియన్ గారు వచ్చారు. చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చి, వెనక స్టిక్కర్‌కి ఫోటో తీసుకున్నారు. ఫ్యాన్ వైపు కన్నెత్తి చూడలేదు. "ఆక్వేరియమా? బాగుంది" అని మెచ్చుకుని వెళ్లిపోయారు. ఆయన మెట్లు దిగుతుండగానే నా ఫోన్‌కి మెసేజ్: "మీ సమస్య పరిష్కారమైంది. దయచేసి మాకు 5 స్టార్లు ఇవ్వండి." మళ్లీ ఫోన్ చేస్తే కొత్త గొంతు, కొత్త టికెట్, మళ్లీ మోడల్ నంబర్ దగ్గర మొదలు. ఆ కొత్త టికెట్‌ని కూడా "కస్టమర్ అందుబాటులో లేరు" అని మూసేశారు. నేను మీ లైన్‌లోనే, మీ పాట వింటూ ఉన్నాను కదండీ!

చివరగా ఒక ఈమెయిల్ వచ్చింది. బాక్స్‌ని "మార్పులు చేసి" వాడినందుకు వారంటీ వర్తించదట. ఏం మార్చాను? ఒక్క రంధ్రం పెట్టలేదు, ఒక్క స్క్రూ విప్పలేదు. గొట్టం మూత రబ్బరు అంచు పక్కనుంచే బయటికి వస్తుంది. నేను పంపిన ఫోటోలు ఒక్కరైనా చూసి ఉంటే ఆ మాట రాసేవారు కాదు. ఆ మెయిల్ కింద "జవాబు ఇవ్వకండి, ఈ మెయిల్‌బాక్స్‌ని ఎవరూ చూడరు" అని ఉంది. మీ కంపెనీ నాతో నిజం చెప్పింది అక్కడొక్కచోటే.

మా ఇంట్లో పెద్ద ఫ్రిజ్ మీది, వాషింగ్ మెషీన్ మీది. మా నాన్నగారి కాలం నుంచీ మీ పేరు చూసే కొంటున్నాం. చుట్టాలు ఎవరు అడిగినా మీ కంపెనీ పేరే చెప్పేవాణ్ని. ఇకమీదట కూడా చెబుతాను, ఏం చెబుతానన్నదే మారుతుంది.

మొదట్లో నాకు కావాల్సింది ఒక ఫ్యాన్. ఇప్పుడు అది చాలదు. బాక్స్ మార్చాలి లేదా డబ్బు తిరిగివ్వాలి. చనిపోయిన చేపకు, పారబోసిన నీళ్లకు, మేతకు ఎవరు బాధ్యులో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ టికెట్‌ని "పరిష్కారమైంది" అని ఎవరు మూశారో, ఏం చూసి మూశారో కూడా చెప్పాలి. నిజానికి ఆ చివరి దానికే నాకు ఎక్కువ పట్టుదల. ఒక బాధ్యతగల మనిషి పూర్తిగా చదివి నాకు ఫోన్ చేయాలి, మోడల్ నంబర్ మాత్రం అడగకూడదు. లేదంటే వినియోగదారుల కోర్టుకు వెళ్తాను. అక్కడ మీ పాట వినిపించడం కుదరదు, జవాబు చెప్పాల్సిందే. కాల్ రికార్డింగులు మీ దగ్గర ఉంటాయని మీరే ప్రతిసారీ చెబుతారు కదా, వాటిని భద్రంగా ఉంచండి, పనికొస్తాయి.

ఇట్లు,
మీ పాత కస్టమర్

జతపరిచినవి: బిల్లు నకలు, ఫ్యాన్ శబ్దం వీడియో, గొట్టం వచ్చే చోటు ఫోటోలు (ఇంతకుముందు పంపినవే), మీరు మూసేసిన టికెట్ల వివరాలు.