మసకబారిన హెడ్‌లైట్ల గురించి మిత్రుడికి

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మను, పిల్లలను అడిగినట్టు చెప్పు. వచ్చే నెలలో చిత్తూరు నుంచి అందరూ కారులోనే కొండకు వస్తామని రాశావు గనుక, ఆ హెడ్‌లైట్ల సంగతి ఈలోగానే తేల్చుకోవడం మంచిది. దిగేటప్పుడు వచ్చేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు. దర్శనం ముగిసి బయలుదేరేసరికి చీకటి పడితే, ఆ మలుపుల్లో మసక లైట్లతో నువ్వు బండి దించడం నాకు బొత్తిగా ఇష్టం లేదు.

బల్బులు మార్చినా వెలుతురు పెరగలేదన్నావు. ఎలా పెరుగుతుంది? వెలుతురు ఆగిపోతున్నది బల్బు ముందున్న కవరు దగ్గర. అది గాజు కాదు, పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. తయారీలోనే దాని మీద అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పలుచని గట్టి పూత వేస్తారు. మన ఎండల్లో ఏళ్ల తరబడి నిలిపిన బండికి ఆ పూత క్రమంగా చెడిపోయి, పొరలుగా లేచి, దాని కింది ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారుతుంది. ఎండ ఎక్కువగా తగిలే వైపు లైటే ముందు పాడవుతుంది గనుక, బండిని ఎటు తిప్పి నిలుపుతున్నావో కూడా చూసుకో.

పని మొదలుపెట్టే ముందు లైటు మీద చెంబెడు నీళ్లు పోసి చూడు. తడిగా ఉన్నంతసేపు తేటగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకబడితే లోపం పైపైనే ఉన్నట్టు. నీళ్లు పోసినా మార్పు లేకపోతే మసక లోపలి వైపు ఉండవచ్చు, లేదా ప్లాస్టిక్ లోతుగా చిట్లి ఉండవచ్చు. అప్పుడు పైనుంచి ఎంత రుద్దినా శ్రమ దండగే. టూత్‌పేస్టుతో రుద్దితే చాలని చెప్పేవాళ్లు నీకూ దొరికే ఉంటారు. ఆ మెరుపు మూణ్ణాళ్ల ముచ్చటే.

నీ దగ్గర పెద్దగా సామాను లేదన్నావు గనుక చెబుతున్నాను, పెయింట్ల దుకాణంలో 800, 1500, 2000 నంబరు వాటర్ పేపర్లు (నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) ఒక్కొక్కటి, ఒక మాస్కింగ్ టేపు తీసుకో. పేపర్లను ముక్కలుగా కోసి, షాంపూ చుక్క వేసిన నీళ్లలో నానబెట్టు. లైటు చుట్టూ బంపరు, బానెట్ అంచుల మీద టేపును రెండు వరుసలుగా అంటించు, లేకపోతే లైటుతో పాటు రంగూ ఊడుతుంది. 800తో రుద్దేటప్పుడు మొదట పసుపుపచ్చటి మురికి నీళ్లు కారతాయి. అవి పలుచని మజ్జిగలా తెల్లబడేదాకా ఆపకు. పచ్చదనం ఉందంటే పాత పూత ఇంకా ఉన్నట్టే. ఆ తరువాత 1500, చివర 2000. ప్రతి నంబరుకూ రుద్దే దిశ మార్చు, నంబరు మార్చే ముందు కడిగి ఆరబెట్టి చూడు. తడి మీద దాగిన అడ్డగీతలు ఆరాకే బయటపడతాయి. 800 గీతలను పాలిషర్ (ప్యాడ్ తిప్పి మెరుగుపెట్టే యంత్రం) తీసేస్తుందిలే అనుకుని తొందరపడితే, రాత్రి లైటు వేసినప్పుడు అవే కనబడతాయి.

పాలిషర్ వేగం నిమిషానికి 1000 నుంచి 1500 చుట్ల మధ్య ఉంటే చాలు. పక్కింటి గ్రైండరుకు ప్యాడ్ తగిలించి పని కానిద్దామనుకోకు, అది 10,000 చుట్లు దాటుతుంది, ప్లాస్టిక్ కరిగి మచ్చ పడిపోతుంది. మెత్తటి స్పాంజి ప్యాడ్ మీద శనగగింజంత కాంపౌండ్ (మెరుగుపెట్టే ముద్ద) పెట్టి, ఒకేచోట నిలపకుండా కదిలిస్తూ, వేడెక్కితే కాసేపు ఆపు.

ఇంతకీ అసలు చెప్పవలసినది ఇది. పాలిష్‌తో వచ్చిన తళతళను చూసి మురిసిపోయి ఆపేస్తే ఆ లైటుకు ఎండ నుంచి రక్షణ ఏమీ ఉండదు, కొన్ని నెలల్లోనే మళ్లీ పచ్చబడుతుంది. అందువల్ల డబ్బు తక్కువగా ఉంటే కాంపౌండ్ మానుకుని, అతినీలలోహిత కిరణాలను తట్టుకునే క్లియర్ కోట్ (రంగులేని పారదర్శక పూత) డబ్బా కొను. ఆ పూత 2000 పేపరు వదిలిన సన్నటి గీతలను తనే కప్పేస్తుంది, పైగా కాంపౌండ్‌లోని జిడ్డు మిగిలితే పూత పట్టుకోదు. పూతకు ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. థిన్నర్, పెట్రోలు మాత్రం ముట్టించకు, పాలికార్బొనేట్ చిట్లుతుంది. క్లియర్ కోట్‌లో పూతనూ, దానిని గట్టిపరిచే ద్రవాన్నీ రెండు భాగాలుగా కలిపే రకం గట్టిగా నిలుస్తుంది కాని అందులోని ఐసోసైనేట్ అనే రసాయనం ఊపిరితిత్తులకు హాని. మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు, రసాయన ఆవిరిని వడకట్టే సరైన రెస్పిరేటర్ మాస్కు లేకపోతే ఒకే భాగం ఉన్న స్ప్రే చాలు. దుమ్ము లేవని ఉదయంపూట, పలుచగా రెండు మూడు పూతలు వేసి, పూర్తిగా ఆరేదాకా బండిని ఎండలో పెట్టకు.

పేపర్లు, స్ప్రే డబ్బా తీసుకుని ఏ ఆదివారమైనా రా. పాలిషర్ నా దగ్గర ఉంది. కాని నా మాట విని పూతే వేయించుకుంటే, దానిని అటక మీంచి దించవలసిన అవసరం కూడా ఉండదు.

ఇట్లు,
నీ మిత్రుడు