వారంటీ మినహాయింపులు సొమ్ము కట్టకముందే చూపాలి

సంపాదకులకు నమస్కారం.

వికారాబాద్ దగ్గర మాకున్న మామిడి తోటలో తిరగడానికి రెండేళ్ల కిందట ఒక ఏటీవీ, అంటే ఎగుడుదిగుడు నేల మీద కూడా నడిచే నాలుగు చక్రాల చిన్న బండి, కొన్నాను. కంపెనీ వారంటీ ముగిశాక కూడా ‘బండి మొత్తానికి’ రక్షణ ఉంటుందని షోరూమ్‌లో చెప్పిన మాట నమ్మి, అదనంగా సొమ్ము కట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నాను. ఒప్పందం కాగితాలు మాత్రం సొమ్ము కట్టిన పది రోజులకు చేతికొచ్చాయి.

మొన్నటి వానాకాలంలో హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైంది. యాక్సిల్ చివర ఉండే జాయింటును కప్పుతూ మడతలు మడతలుగా ఒక రబ్బరు బూటు ఉంటుంది. ఏ ఎండుపుల్లో గీసుకుని దానికి వేలెడు చిరుగు పడిందని, అందులోంచి గ్రీజు బయటికి కారిపోయి, ఇసుకతో కలిసిన బురద లోపలికి చేరి జాయింటును అరగదీసిందని వర్క్‌షాప్‌లో విప్పి చూపించారు. జాయింటు వారంటీ జాబితాలో ఉంది, బూటు లేదు. వర్తించని భాగం వల్ల వర్తించే భాగం పాడైతే దానికీ వర్తించదని ఎనిమిదో పేజీలో ఒక వాక్యం ఉంది. విప్పిన కూలీ కూడా నాతోనే కట్టించారు.

ఈ వారంటీ బీమా కాదు కనుక బోల్తా పడిన బండికి అది పనికిరాదన్న సంగతి నాకూ తెలుసు. సాధారణంగా ఇంజిన్ లోపలి భాగాలు, గేర్‌బాక్స్, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ వంటివి వాటంతట అవి చెడిపోతే బాగుచేయించడం వరకే దాని పని. బెల్టు, బ్రేకు ప్యాడ్లు, టైర్లు, ఫిల్టర్లు అరుగుదల సామాను కింద పోతాయి; అందులో అన్యాయమేమీ లేదు. అయితే ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లినా, గాలి ఫిల్టరు దాటి దుమ్ము చేరినా, కంపెనీ చెప్పిన కొలత కన్నా పెద్ద టైర్లు వేసినా, అద్దెకు తిప్పినా, పందెంలో నడిపినా చాలా ఒప్పందాల్లో చేతులెత్తేస్తారు. ప్రకటనలో వాగు నీళ్లు చిమ్ముకుంటూ దాటే బండికి ఒప్పందంలో నీళ్లు మినహాయింపు కావడం నాకు మింగుడుపడలేదు. ఇలాంటి బండ్లకు సర్వీసును కిలోమీటర్లతోపాటు ఇంజిన్ నడిచిన గంటల లెక్కన కూడా చూస్తారు. ఆ గంటలు దాటాక చేయిస్తే, రసీదు ఉన్నా క్లెయిము ఆగిపోవచ్చు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు; ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి గడువు రెండేళ్లు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి సలహా కూడా అడగవచ్చు. నేను ఆ పనిలోనే ఉన్నాను. కానీ ఒక్క జాయింటు కోసం తోట పనులు మానుకుని వాయిదాలకు తిరిగే ఓపిక ఎందరికి ఉంటుంది?

అందుకే వినియోగదారుల వ్యవహారాల అధికారులను నేను కోరేది ఒక్కటే. వారంటీ అమ్మే ప్రతి షోరూమ్ మినహాయింపులన్నింటినీ తెలుగులో, కంటికి ఆనే అక్షరాలతో ఒక్క కాగితం మీద అచ్చువేసి, సొమ్ము తీసుకోకముందే కొనుగోలుదారుకు ఇచ్చి, చదివినట్టు సంతకం తీసుకునేలా ఆదేశించాలి. అలాంటి కాగితం ఆ రోజు నా చేతికి వచ్చి ఉంటే, ఆ డబ్బుతో నాలుగు జతల బూట్లు కొని ఇంట్లో పెట్టుకునేవాణ్ని.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్